రాఘవయ్య సారు సంతకం

తర్లుపాడు,
ప్రకాశం జిల్లా,
12-7-1974

చిరంజీవి నతానియేలును ఏసయ్య తన రెక్కల చాటున దాచుగాక అని దీవించి నాయన వ్రాయునది. ఇక్కడ నేను, మీ అమ్మ, రెండు బర్రెలు క్షేమం. నీ క్షేమం నీ జాబులోనే తెలిసింది. కానీ ఆ జాబులో క్షేమం కాక ఇంకేదో ఉందని నాకు తోచింది. అందుకే దాన్ని మూడుసార్లు చదివాను.

ముందు నువ్వు అడిగినవి చెబుతాను. అమ్మ మోకాలు కాస్త నయం. గుడి రేకులు గాలికి లేచిపోతే పైన పలకరాళ్లు పెట్టాం. వాన ఒక్క పదునే పడింది. నాకు దగ్గు ఎట్లా ఉందన్నావు. గనిలో రాయి చీల్చేవాడికి దగ్గు లేకుంటే వాడు పని ఎగ్గొట్టాడని అర్థం.

ఇక నేను అడిగేవి. మేము పంపిన జొన్నరొట్టెలు, పచ్చడి మహబూబ్ బాషా తెచ్చి ఇచ్చాడు కదా. అతను లారీలో పలకల లోడుతో తిరుపతి వస్తున్నాడని తెలిసి పంపాను. రొట్టెలు ఒక సాకు. నిన్ను కనిపెట్టి రమ్మని పంపాను. సైతాను యూనివర్సిటీలో సీటు కోసం అర్జీ పెట్టుకోడు, ముందే లోపల ఉంటాడు. నీ రూములో ఉండే ఉమామహేశ్వర్లు తన ఇంటినుంచి వచ్చిన ప్రసాదం నీకు పెడుతున్నాడేమో, నువ్వు మొహమాటానికి తింటున్నావేమో అని నా అనుమానం.

బాషా తిరిగొచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"అన్నా, నతానియేలు అంటే హాస్టల్లో ఎవురికీ తెలీలా. మళ్ల ఒకడు 'పాస్టరు నరసింహులా?' అని నవ్వుకుంటా తీసకపోయినాడు."

"నరసింహులంటే పలికినాడా?"

"రిజిస్టర్లో అదే కదన్నా ఉండేది, పలకక ఏం జేస్తాడు? ఆదివారం పొద్దున టిఫిన్ మానుకోని ఐదుగురు పిల్లోళ్లు మేడ మీద పాటలు పాడతాండారు. మీవాడు నిలబడి వాక్యం చెప్తాండాడు. అచ్చం నీ అరుపే అన్నా, కింద కుక్క గూడా లేచిపోయింది!"

ప్రసాదం సంగతి అడిగాను. ఆ ఉమామహేశ్వర్లే చెప్పాడట: "మావాడు తినడు, కానీ పొట్లం విప్పి అందరికీ పంచేది వాడే." ఇంకొకటి కూడా చెప్పాడట. లాబులో అందరూ పాత రికార్డులు చూసి లెక్కలు దించుకుంటే, నువ్వు నీకు వచ్చిన తప్పు లెక్కే రాసి మార్కులు పోగొట్టుకున్నావని.

నేను సంతోషించవలసింది. సంతోషించలేదు. లాబులో ఒక అంకె కూడా మార్చనివాడు రిజిస్టర్లో తన పేరును ఎన్నాళ్లు ఓర్చుకుంటాడని భయం పట్టుకుంది. నాలుగు రోజులకే నీ జాబు వచ్చింది.

"నాయనా, అబద్ధపు పేరుతో డిగ్రీ తీసుకోలేను. స్కాలర్‌షిప్ పోతే పోనీ. దసరా సెలవుల్లో కనిగిరి పోయి, తప్పు తనదేనని మన హైస్కూలు హెడ్మాస్టరు రాఘవయ్య సారు చేత రాయించుకుంటాను. నన్ను హైస్కూల్లో చేర్చిన రోజు నువ్వు ఆఫీసు రూములోనే ఉన్నావు కదా, ఏం జరిగింది?" అని రాశావు.

ఈ ప్రశ్న నువ్వు తెలియక అడిగావా, తెలిసి అడిగావా? మేడ మీది కూటంలో ఎవరైనా నేర్పారా? మీ అమ్మ మీద కూడా అనుమానపడ్డాను.

"వాడికి నువ్వేమన్నా రాయించినావా, గోవిందమ్మా?"

"నాకు అక్షరమ్ముక్క రాదు. ఎవురి చేత రాయిస్తా, నీ చేతనేనా?" అంది. జొన్నలు చెరుగుతూ తల ఎత్తలేదు. "ఆ పొద్దు నేను తలుపుకాడ నిలబడుంటి. పదేండ్లు నోరు మూసుకోనుండా. ఇంక నువ్వు తెరువు."

తెరుస్తున్నాను.

అప్పటికి మనది కర్నూలు జిల్లా. మన సంఘపు బడిలో రికార్డు లేదు కాబట్టి, హైస్కూల్లో ఏం రాయిస్తే అదే నీ పేరు. నువ్వు బయట కుండ దగ్గర నీళ్లు తాగుతున్నావు. రాఘవయ్య సారు కలం ఎత్తి నన్ను చూశాడు.

"ఏం ఆశీర్వాదం, చంకలో బైబిలుంది. క్రైస్తవుడని రాయనా?"

"వద్దు సారూ."

"మళ్లా మార్చాలంటే కష్టం. ఆలోచించుకో."

"హిందువనే రాయండి."

"నిజమేనా?"

"నిజమే సారూ. హిందూ హరిజనుడు, పేరు నరసింహులు."

అది మా నాయన పేరు. క్రైస్తవుడని రాస్తే హరిజన హాస్టల్లో అన్నం పెట్టరని ఎవరో చెప్పారు. ఆ ఏడు కరువు. ఏసయ్యను ఎరుగనని పేతురు మూడుసార్లు బొంకాడని నేను ఎన్ని ఊళ్లలో అరిచానో నీకు తెలుసు. నేనూ మూడుసార్లే బొంకాను. కోడి కూసినప్పుడు ఆయన ఏడ్చాడు. నేను ఇంటికొచ్చి అన్నం తిన్నాను.

అంతటితో ఆగినా బాగుండేది. ఆ ఆదివారమే సంఘంలో నిలబడి, హెడ్మాస్టరు బలవంతంగా రాశాడని చెప్పాను. పదేళ్లుగా నా ప్రసంగాల్లో ఫరో ఆయనే, పిలాతు ఆయనే. నువ్వు రోడ్డు మీద ఆయన ఎదురైతే నమస్కారం పెట్టకుండా తల తిప్పుకునేవాడివి. నేను చూసి మెచ్చుకున్నాను. పొరుగువాడి మీద అబద్ధ సాక్ష్యం చెప్పవద్దన్న ఆజ్ఞ ఎన్నోదో నిద్రలో అడిగినా చెప్పగలను.

నీకంటే ముందు ఆయన దగ్గరికి పోవాలని మంగళవారం బస్సెక్కాను. సారుకు చూపు బాగా తగ్గింది.

"ఎవురు, ఆశీర్వాదమా? చంకలో బైబిలుందా?"

ఉందన్నాను. అంతా చెప్పాను. ఆయన ఉలిక్కిపడలేదు.

"తెలుసులే. నీ గొంతు కనిగిరి దాకా వినపడతాది" అన్నాడు. కాగితం, కలం తెమ్మన్నాడు. తడుముకుంటూ 'నా పొరపాటు వలన' అని రాసి సంతకం పెట్టాడు. "నీకు సంఘముంది, పెద్దమనిషివి. రిటైరైనోడిని, నాకు పొయ్యేదేముంది? పిల్లోడు తండ్రి ముందర తలెత్తుకోని తిరగాల."

బస్సులో కూర్చుని అనుమానపడ్డాను. ఈయనకు ఇందులో లాభమేమిటి? ఏం ఆశించి రాశాడు? బేస్తవారిపేట రోడ్డు మీద, జంకెకు పోయే మలుపు మీద, ప్రతి స్టాపు దగ్గరా వెదికాను. ఏమీ దొరకలేదు. తన తప్పు కానిదాన్ని మోసే మనిషిని గురించి ముప్పై ఏళ్లుగా ప్రసంగిస్తున్నాను, ఎదుట కూర్చుంటే గుర్తుపట్టలేకపోయాను.

ఆ కాగితం రెండు రోజులు నా బైబిలులోనే ఉంది. దాన్ని నీకు పంపితే నా పరువు నిలుస్తుంది, నీకూ ఏమీ తెలియదు. నిన్న పొద్దున మీ అమ్మ అడిగింది, ఇచ్చాను. పొయ్యిలో పెట్టింది.

ఈ కవరులో ఉన్నది వేరే కాగితం. 'రిజిస్టర్లో రాయించింది నేనే, హెడ్మాస్టరుగారు మూడుసార్లు అడిగారు' అని నా చేతితో రాశాను. కింద సాక్షిగా మీ అమ్మ వేలిముద్ర ఉంది. ఆఫీసులో ఇచ్చేది, ఇవ్వనిది నీ ఇష్టం. ఎల్లుండి ఆదివారం మాత్రం సంఘంలో దీన్నే చదువుతాను. ఆ తర్వాత వాళ్లు నన్ను వాక్యం చెప్పనిస్తారో, వెనక చాప మీద కూర్చోబెడతారో.

నువ్వు నన్ను అనుమానించే రోజులు వచ్చాయి. అనుమానించు. కానీ దసరాకు కనిగిరి పోవడం మాత్రం మానవద్దు. సంతకం కోసం కాదు. ఆయనకు పదేళ్ల నమస్కారం బాకీ ఉన్నావు. కళ్లు కనపడవు, దగ్గరికి పోయి నీ పేరు చెప్పు. నతానియేలు అనే చెప్పు.

ఇట్లు,
సాక్ష్యం చెప్పవలసిన రోజున నోరు పెగలని నీ నాయన,
ఆశీర్వాదం