కుంకుమ కింది అక్షరం

1999 జులై 10, శనివారం
బోరబండ

అన్నా,

పొద్దున నీ ల్యాప్‌టాప్‌ను తిరగేసి ఉలిక్కిపడ్డాను. అడుగున అంటించిన లైసెన్సు చీటీ మీద, సరిగ్గా నంబరు నడుమ, నిరుడు దసరాకు అమ్మ పెట్టిన కుంకుమ బొట్టు గట్టిపడి ఉంది. నీ ఫైళ్లతో సహా డిస్కంతా నిన్ననే తుడిచేశాను. ఆ నంబరు పూర్తిగా కొట్టనిదే సాఫ్ట్‌వేరు మళ్లీ ఎక్కదు. రేపు దీన్ని తీసుకుపోవడానికి టైపు నేర్పే సరోజక్క వస్తుంది.

నిఘంటువులో లైసెన్సు అంటే 'అనుమతి' అని ఉంది. తుడిచేసే ముందు, పోయిన నిన్నెలా అడగాలో అందులో లేదు.

దూదిని కొబ్బరినూనెలో ముంచి అద్దుతుంటే అమ్మ పక్కనే కూర్చుంది.

"మెల్లగనే, చీటీ చినుగుతది. బొట్టు పెట్టొద్దని మీ అన్న మొత్తుకుంటనే ఉండె. నేనే ఇన్లే."

చాలాసేపటికి ఎర్రటి మరక కింద ఒక అక్షరం తేలింది. కొట్టాను. నంబరు సరిపోయింది. వెంటనే యజమాని పేరేమిటని తెర మీద ఒక గడి వచ్చింది. నిన్నటిదాకా అక్కడ నీ పేరుండేది.

"వాని పేరే ఉంచరాదే," అంది అమ్మ.

"సరోజక్కది గద ఇగ, అమ్మా."

గడిని ఖాళీగానే వదిలాను. రేపు పొద్దున సరోజక్క తన పేరు తానే కొట్టుకుంటుంది. ఇచ్చే ముందు బొట్టు మాత్రం ఈసారి మూత మీద పెడతానంది అమ్మ.

నీ చెల్లి