రెప్పలు ఎత్తించే సంగతి

బీమా ఆఫీసు గుమాస్తా తక్ గారికి,

నా కనురెప్పల ఆపరేషన్ సోకు కోసమనీ, దానికి బీమా రాదనీ రాశారు. డెబ్బై తొమ్మిదేళ్లవాణ్ణి, ఎవరి కోసం సోకు చేసుకోవాలయ్యా? తోటలో బేరి చెట్ల కోసమా? రెప్పలు వాలిపోయి, తలపైనున్న కాయ కనపడక పోయినేడు నిచ్చెన మీంచి పడ్డాను. చూసొక్ కోతల పండుగలోపు కాయ దించకపోతే ఏడాది చాకిరీ నేలపాలు.

డాక్టరు తీసి పంపిన ఫోటోలో కళ్లు బాగానే తెరుచుకున్నాయంటారు. తెరుచుకోవా మరి! డాక్టరు "మామూలుగా చూడు తాతా" అన్నాడు. సర్కారుకు వెళ్లే ఫోటోలో తాగుబోతులా నిలబడతానా? పటాలంలో నేర్పినట్టు నుదురు బిగించి, రెప్పలు పైకి లాగిపట్టి చూశాను. నుదుటి మీద అన్ని ముడతలు చూశాక కూడా మీకు తెలియలేదంటే, ముందు మీ కళ్లకే వైద్యం కావాలి.

"పెళ్లిచూపులనుకున్నావా ముసలాయనా? నీ బడాయి తగలెయ్య!" అని మా ఆవిడ ఒకటే దెప్పుడు. నేను సముద్రపు నాచు పులుసు తాగుతుంటే చాటుగా ఇంకో ఫోటో తీసింది. అదే పంపుతున్నాను. ఎవడో ముసలాడు గిన్నె ముందు కునికిపాట్లు పడుతున్నట్టు ఉంటుంది. వాడు నేనే. మీరు చూడండి, పని కానివ్వండి. మీ ఆఫీసులో ఇంకెవరికీ చూపించకండి.