ఫైల్ ఫొటోలో గోపాలం

జనవరి 7

మళ్ళీ అదే ఫొటో. ఐదో పేజీలో, సారా దుకాణం తరలించాలని ఆడవాళ్ళు చేసిన ధర్నా వార్త పక్కన. కింద చిన్న అక్షరాల్లో 'ఫైల్ ఫొటో'. బెంచీ మీద నలుగురు కూలీలు. మధ్యలో గ్లాసెత్తి నోరారా నవ్వుతున్నవాడు గోపాలం. ఎప్పుడో మా హిందీ పత్రిక ఫొటోగ్రాఫర్ తీసింది. పత్రిక లైబ్రరీలో దాన్ని స్కాన్ చేసి హిందీలో కీవర్డ్‌లు ఇచ్చింది నేనే: షరాబ్, భట్ఠీ, మజ్దూర్. సారా, సారా బట్టీ, కూలీ. డెస్క్‌లో ఎవరు 'షరాబ్' అని కొట్టినా మొదట ఇదే వస్తుంది.

ఆ గోపాలం తాగుడు మానేసి ఏళ్ళయింది. ఆదివారాలు నేను నడిపే ప్రార్థనలోనే మారాడు. ఇప్పుడు ఒక ప్రైవేటు రోలింగ్ మిల్లులో క్రేన్ నడుపుతున్నాడు. మనిషి మారాడని రాసే గడి మా సాఫ్ట్‌వేర్‌లో లేదు.

జనవరి 12, ఆదివారం

సెక్టర్ 6 ప్రార్థనలో ఈ రోజు గొంతు పోయేదాకా మద్యం మీద మాట్లాడాను. ఎప్పటిలాగే గోడ మీద ప్రొజెక్టర్‌తో ఆ ఫొటో వేసి, పక్కన గోపాలాన్ని నిలబెట్టాను. పాత మనిషి అటు, కొత్త మనిషి ఇటు. సాక్ష్యం చెప్పు తమ్ముడూ అన్నాను. ఆడవాళ్ళు ఏడ్చారు. ఏ సెమినరీ గడపా తొక్కని నాకు ఆ గోడ చాలు.

అందరూ వెళ్ళాక గోపాలం కుర్చీలు మడతపెడుతూ ఆగాడు. ఫొటో పడ్డ ప్రతిసారీ మిల్లు గేటు దగ్గర సెక్యూరిటీవాడు అందరి ముందూ నోరు ఊదమంటున్నాడట. ఇంకోసారి పేపర్లో కనబడితే క్రేన్ మీంచి దించేస్తానని ఫోర్‌మన్ అన్నాడట. ఫొటో తీసెయ్యమని అడిగాడు.

రికార్డు తీసెయ్యడానికి వీల్లేదన్నాను. చలిమంట ముందు కూర్చుని, ప్రవక్త రాయించిన గ్రంథపు చుట్టను చాకుతో కోసి మంటలో వేసిన రాజు కథ చెప్పాను. ఆ పని నేను చెయ్యనన్నాను. అంతా విన్నాడు.

"నా పాపం దేవుడు మర్సిపోనాడని మీరే సెప్పినారు గదన్నా. మీ కంప్యూటర్‌కి దేవుడి కన్నా గ్యాపకమెక్కువేటి?"

కోపం వచ్చింది. ఇది గర్వమని గద్దించాను.

జనవరి 13

క్షమించడం వేరు, చెరిపెయ్యడం వేరు. వచ్చే ఆదివారం ఇదే అంశం.

జనవరి 20

న్యూస్ ఎడిటర్ అనిల్‌కుమార్‌తో విషయం చెప్పాను. నవ్వాడు. పాస్టర్ భయ్యా, తీసెయ్యడం దేనికి, కీవర్డ్‌లు మార్చెయ్, ఇక ఎవరికీ దొరకదు, రెండు నిమిషాల పని అన్నాడు. నేను దొంగ ఎంట్రీలు పెట్టనన్నాను. ఈ సెక్షన్‌లో చేరిన రోజు నా చేతికిచ్చింది ఒక బ్లేడు, ఒక జిగురు డబ్బా. నేర్పినవాడు లేడు. కోసి, అంటించి, తేదీ వేసి నేర్చుకున్నాను. ఇన్నేళ్ళలో ఒక్క క్లిప్పింగ్ తప్పు కవర్లో పెట్టలేదు.

ఇంటికొచ్చాక వేరే ఆలోచన వచ్చింది. ఆ ఫొటో లేకపోతే ఆదివారం గోడ మీద ఏం చూపిస్తాను?

ఫిబ్రవరి 16, ఆదివారం

గోపాలం సాక్ష్యం రెండు ముక్కల్లో ముగించాడు. గోడ వైపు చూడలేదు. నీలో ఆత్మ చల్లారిందని అందరి ముందూ అన్నాను.

మార్చి 13

హోలీ పేజీ. కల్తీ సారా పట్టివేత. మూడు కాలాల వెడల్పున అదే ఫొటో.

నిన్న సాయంత్రం నేను సీట్లోనే ఉన్నాను. కొత్త సబ్ ఎడిటర్ అమ్మాయి సిస్టమ్‌లోంచి దాన్ని తీస్తుంటే చూశాను. ఏమీ అనలేదు.

మార్చి 17

గోపాలాన్ని క్రేన్ మీంచి దించి స్క్రాప్ యార్డులో వేశారు. అతని భార్య నూకరత్నం పవర్ హౌస్ బజార్లో కనబడి చెప్పింది. గొంతు పెంచలేదు. కూతురు రాజశ్రీ పేపర్ చూసి "పాపా ఫిర్ సే ఛప్ గయే" అందట, నాన్న మళ్ళీ పేపర్లో పడ్డాడని, అలవాటైపోయినట్టు. తండ్రి ఆ పూట అన్నం ముట్టలేదట.

ప్రార్థనకి పంపమ్మా అన్నాను. చేతిలో కొత్తిమీర కట్టని తిప్పి తిప్పి చూసింది. వెళ్ళిపోయింది.

మార్చి 30, ఆదివారం

గోపాలం మళ్ళీ రాలేదు. తాగుడు మొదలెట్టి ఉంటాడని సంఘంలో అనుకుంటున్నారు. నేను కాదనలేదు.

ఏప్రిల్ 9, మధ్యాహ్నం

స్క్రాప్ యార్డులో ఇనుప గుట్ట జారింది. గోపాలం దాని కింద ఉన్నాడు.

ఆస్పత్రికి పరిగెత్తాను. గ్రంథం చంకలోనే ఉంది. అప్పటికే ప్రాణం లేదన్నారు. నూకరత్నం వార్డు బయట నేల మీద కూర్చుని ఉంది. చావు ఇళ్ళల్లో చెప్పాల్సిన మాటలన్నీ నాకు కంఠతా వచ్చు. అవేవీ రాలేదు. నోట్లోంచి వచ్చింది ఒకటే.

"తాగాడా?"

ఆమె నా ముఖంలోకి చూసింది. నాకన్నా ముందు ఫోర్‌మన్ కూడా అదే అడిగాడట.

ఏప్రిల్ 10

దుర్గ్‌లో పోస్ట్‌మార్టం అయింది. కడుపులో చుక్క లేదు.

సమాధి దగ్గర నన్ను మాట్లాడమన్నారు. గ్రంథం తెరిచాను. మూసేశాను. మట్టి వేసి వచ్చాను.

ప్రమాద వార్తకి ఫొటో కావాలని డెస్క్ నుంచి ఫోన్. గోపాలం అని కొడితే సిస్టమ్‌లో ఏమీ రావడం లేదట. రాదు. ఆ ఫొటోకి నేనెప్పుడూ పేరు పెట్టలేదు. 'షరాబ్' అని కొడితే వస్తుందని చెప్పలేదు.

ఏప్రిల్ 16

నూకరత్నం లైబ్రరీకి వచ్చింది. ఎప్పుడూ రాలేదు ఇక్కడికి. గోడకి పెట్టుకోవడానికి ఆయన ఫొటో కావాలంది. ఇంట్లో ఉన్నవి ఆధార్ మీదా, మిల్లు గేట్ పాస్ మీదా ఉన్నవేనట. రెండింట్లోనూ భయపడిపోయినట్టు ఉన్నాడట. ప్రార్థనల్లో తీసినవి చాలా ఉన్నాయమ్మా, మంచిది చూసి పెద్దది చేయించి ఇస్తానన్నాను. తల అడ్డంగా ఊపింది.

"ఆ ఫొటోయే ఇప్పించండి బావగారూ. గ్లాసు కోసీండి, సాలు. ఆ మనిసి నవ్వింది అందులోనే. మీ మీటింగుల్లో ఏనాడైనా నవ్వినాడేటి?"

గడిచిన ఆదివారాలన్నీ మనసులో వెతికాను. ఒక్క నవ్వూ దొరకలేదు.

కవర్లోంచి ఒరిజినల్ ప్రింటు తీశాను. డ్రాయర్లోంచి బ్లేడు తీశాను. గ్లాసు పోయింది. దాంతోపాటు చెయ్యి మోచేతి దాకా పోయింది. ముఖం మిగిలింది. ఆమె దాన్ని కొంగుతో తుడిచి సంచిలో పెట్టుకుంది.

ఏప్రిల్ 17

సిస్టమ్‌లో పాత కీవర్డ్‌లు తీసేశాను.

పేరు: గోపాలం. పని: క్రేన్ ఆపరేటర్. కీవర్డ్ తెలుగులో ఇచ్చాను: నవ్వు. డెస్క్‌లో ఎవరికీ తెలుగు రాదు.

రెండు నిమిషాలు కూడా పట్టలేదు.