తిరిగొచ్చిన మాత్ర

కురబలకోట మండలం,
మంగళవారం

శాంతకుమారి టీచరమ్మకు, ఏడో తరగతి ఇందు తాత రంగప్ప కోపంతో రాసేది:

ఫోన్‌లో అరిస్తే మీరు పెట్టేస్తారు, అందుకే ఉత్తరం. నిన్న బడిలో మా ఇందుకు నులిపురుగుల మాత్ర ఇచ్చి, నమిలి మింగాక నోరు తెరిచి చూపించమన్నారట. అది బెల్లమేమైనా దొంగిలించిందా? మా ఇంట్లో పురుగులున్నాయని ఊరంతా చాటడానికి కాకపోతే ఇదెందుకు? మా ఆవిడ రెడ్డెమ్మ రోజుకు రెండుసార్లు కల్లాపి చల్లుతుంది. తాతను అడిగి మింగుతానని పిల్ల మాత్ర ఇంటికి తెచ్చింది. కాగితంలో చుట్టి పిల్ల చేతే వాపసు పంపుతున్నాను.

ఇట్లు,
రంగప్ప

తా.క. పురుగులు కావాలంటే మీ బడి బియ్యంలో వెతుక్కోండి.


మదనపల్లె,
బుధవారం

రంగప్ప గారికి నమస్కారాలు.

మాత్ర బడిలో అందరికీ ఇచ్చామండీ. ఇందు మొదటి పీరియడ్‌లోనే నిద్రపోతోంది. ఖోఖోలో రెండుసార్లు పరుగెత్తి కూలబడుతోంది. ఆరోగ్య కేంద్రంలో చూస్తే, పన్నెండు గ్రాములు ఉండాల్సిన రక్తం ఏడే ఉంది. ఈ పురుగు చెప్పుల్లేని అరికాలి గుండా ఒంట్లోకి దూరి, పేగును పట్టుకుని రక్తం తాగుతుంది. కల్లాపికి భయపడదు. పిల్ల ఇలాగే ఉంటే వచ్చే నెల కుప్పం పోటీలకు తీసుకెళ్లలేను. మీరు గొర్రెలకు కడుపులో పురుగులు పోవడానికి నట్టల మందు తాగిస్తారు కదా, ఇదీ అంతే. మాత్ర మళ్లీ పంపుతున్నాను.

ఇట్లు,
శాంతకుమారి

తా.క. బియ్యంలో వెతికాను. అవి వేరే జాతి.


కురబలకోట మండలం,
గురువారం

టీచరమ్మకు,

నా మనవరాలిని గొర్రె అంటారా! పిల్ల నిద్రపోయిందంటే మీ పాఠం ఎలా ఉందో ముందు చూసుకోండి. "మా ఇందు కుప్పంలో యెట్ల పరిగెత్తతాదో సూడండప్పా" అని ఊరందరికీ చెప్పుకున్నాను. తీసుకెళ్లకపోతే బడి ముందే కూర్చుంటాను. నలభై ఏళ్లుగా పుంగనూరు సంతలో జీవాలు కొంటున్నవాడికి మీరు రోగాలు నేర్పాలా? మాత్ర వాపసు.

ఇట్లు,
రంగప్ప

తా.క. వేరుశనక్కాయలు రెడ్డెమ్మ పంపింది. నేనైతే పంపను.


మదనపల్లె,
శుక్రవారం

రంగప్ప గారికి,

ఈసారి మాత్ర పంపడం లేదు. సంతలో గొర్రెను కొనే ముందు మీరు కంటి రెప్ప కిందికి లాగి చూస్తారట. ఇందు రెప్ప ఒక్కసారి అలాగే చూడండి. ఎర్రగా ఉంటే మీ వాకిట్లోకొచ్చి క్షమాపణ అడుగుతాను.

ఇట్లు,
శాంతకుమారి

తా.క. కాయలు బాగున్నాయని రెడ్డెమ్మ గారికి మాత్రమే చెప్పండి.


కురబలకోట మండలం,
మూడు వారాల తరువాత

టీచరమ్మకు నమస్కరించి రాసేది:

చూశాను. ఎర్రగా ఉండాల్సిన చోట సున్నం కొట్టినట్టుంది. అలాంటి గొర్రెను ఊరికే ఇచ్చినా తోలుకురాను. మందలో ప్రతి జీవం కన్నూ చూసే నేను, నా పక్కన కూర్చుని తినే పిల్ల కన్ను చూడలేదు. సిగ్గుతో చచ్చాను. "గొర్రెకుండే యోగం నా బిడ్డకు లేకపాయెనే" అని రెడ్డెమ్మ ఏడ్చింది. మరునాడే ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లాను. నులిపురుగుల మాత్ర మింగించి, ఐరన్ మాత్రలూ ఇచ్చారు. చెప్పులు కొన్నాను. ఇప్పుడు ఇందు మా కోళ్లను నిలవనివ్వడం లేదు.

అయినా నా కోపం తీరలేదు. నిన్న దణ్ణం పెట్టడానికి బడికొచ్చాను కదా, మీరు నాలుగు మెట్లు దిగి ఆయాసపడ్డారు. మీరు మాట్లాడినంతసేపూ నేను మీ కళ్లే చూశాను. అప్పటి ఇందు కళ్లకన్నా తెల్లగా ఉన్నాయి! ఊరందరికీ చెప్పే మనిషి తన రక్తం ఎప్పుడు చూపించుకుంది? దారిలో మీరే పడిపోతే మా పిల్లల్ని కుప్పం ఎవరు తీసుకెళ్తారు? శనివారం రక్త పరీక్షకు రమ్మని ఆరోగ్య కేంద్రం నర్సమ్మ చెప్పింది. రాకపోతే నేనూ రెడ్డెమ్మా వచ్చి తోలుకుపోతాం.

ఇట్లు,
ఇంకా కోపంతోనే,
రంగప్ప

తా.క. నర్సమ్మ మీకోసం ఇచ్చిన నులిపురుగుల మాత్ర ఇందు చేతికిచ్చాను. నమిలి మింగి, నోరు తెరిచి చూపించండి. చూడందే పిల్ల కదలదు.