నాలుగో వరుసలో నా వేలు

ఆగస్టు 4, ఉదయం

నా పేరు గంటమ్మ. అసలు పేరు పెట్టి పిలిచేవాళ్ళు పోయారు, గొంతును బట్టి వచ్చిన ఈ పేరే మిగిలింది. వయసు అరవై ఎనిమిది, ఒకటి అటో ఇటో. ఇంట్లో ఉండేది నేనొక్కదాన్నే. నేను చెబుతుంటే కింది గదిలో ఉండే రిటైర్డ్ కాంపౌండరు రాస్తున్నాడు. నా మాటలకు ఇస్త్రీ చేయొద్దని ముందే చెప్పాను.

ముప్పై ఏళ్ళు ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికాను. బయటి దేశాల నర్సులు నా దగ్గరే మన మాట నేర్చుకున్నారు. చిన్నప్పుడు రెండు నెలలు బడికి వెళ్ళి మానేసినదాన్ని, ఈ జూన్‌లో మళ్ళీ క్లాసులో కూర్చున్నాను. బయటినుంచి కొత్తగా వచ్చినవాళ్ళకు మన మాట మాట్లాడటం నేర్పే టీచర్ల కోర్సు. రాయడం రాకపోయినా పర్వాలేదన్నారు. చివర్లో పరీక్షకులు చూస్తుండగా ఒక పాఠం చెప్పాలి, అంతే.

అది ఇరవయ్యో తారీఖున. నిన్న కాలేజీ గుమాస్తా నాకు హాల్ టికెట్ లేదన్నాడు. నేను ఒక్కరోజు కూడా రాలేదట! యాభై రెండు రోజులు వెళ్ళాను. దేవుడొచ్చి అడిగినా యాభై రెండే.

ఆగస్టు 5

ఈరోజూ క్లాసుకు వెళ్ళాను. ఇంటికొచ్చి కుర్చీకి పాఠం చెప్పాను. కుర్చీ తప్పులు చేయదు. అదే విసుగు.

ఆగస్టు 7

కాంపౌండరును వెంటబెట్టుకుని వెళ్ళి హాజరు రిజిస్టరు చూపించమన్నాను. సంగతి బయటపడింది. మొదటిరోజు విడి కాగితం మీద గుమాస్తా పైనుంచి నాలుగో వరుస చూపించి, ఇదిగో నీది అన్నాడు. అప్పటినుంచి రోజూ నాలుగు లెక్కపెట్టుకుని వేలు వేశాను. మర్నాడు కుట్టిన రిజిస్టరు వచ్చింది. అందులో నేను పదకొండో వరుసకు పోయానట. చెప్పినవాడు లేడు. అడగాలని నాకూ తోచలేదు.

నాలుగో వరుస ఒక టైలరమ్మాయిదట. మొదటిరోజు ఒక్కటే వచ్చి మానేసింది. సంతకం చేయగలిగిన మనిషి వేలిముద్ర ఎందుకు వేస్తుందయ్యా, నీ బుర్ర ఏ బీరువాలో పెట్టి తాళం వేశావని గుమాస్తాను అడిగాను. చెవి గోక్కున్నాడు.

ప్రిన్సిపాల్ మెత్తగానే మాట్లాడాడు. ఆ ముద్రలు తనవి కావని ఆ అమ్మాయి వచ్చి సంతకం పెడితే నా హాజరు నాకు మారుస్తాడట. అప్పుడు ఆమె పరీక్ష పోతుంది.

ఆగస్టు 9, మధ్యాహ్నం

రెండో శనివారం, ఆదివారం, రెండు రోజులు సెలవు. నిన్నటినుంచి కాంపౌండరుతో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు. ఆయనకు వినపడేది తక్కువ.

ఆగస్టు 12

టైలరు షాపుకు వెళ్ళాను. ఆ అమ్మాయి మిషను ఆపకుండానే విన్నది. యజమాని సెలవివ్వక క్లాసులు మానేసిందట. అయినా తన హాజరు నిండుగా ఉందని తెలిసి, ఎవరో జాలిపడి వేశారనుకుందట. పరీక్ష రోజుకు బతిమాలి సెలవు కూడా తీసుకుందట. జాలీ లేదు, గీలీ లేదు, అది నా వేలు అన్నాను.

అయితే ఇప్పుడు నన్ను చెడగొట్టడానికొచ్చావా పెద్దమ్మా అంది. ఈ వయసులో టీచరువై ఎవరిని ఉద్ధరిస్తావంది.

పోట్లాడదామనే నోరు తెరిచాను. వేరే మాట వచ్చింది. పొద్దున్న లేస్తే నాతో పలకడానికి మనిషి లేడమ్మాయ్ అన్నాను. క్లాసులో ప్రాక్టీసుకు నేనొక మాట అంటే ఇరవై మంది తిరిగి నాతో అదే మాట అంటారు అన్నాను. ఇది ఎవరితోనూ చెప్పలేదు. సిగ్గేసింది.

దారం తెగిందంటూ సూది మీదికి వంగిపోయింది. వచ్చేశాను.

ఆగస్టు 19

మళ్ళీ వెళ్ళి అడగమంటాడు కాంపౌండరు. నేను వెళ్ళను. ఆ పిల్ల సెలవు ఆ పిల్లది. కానీ రేపు కాలేజీ గేటు దగ్గర నిలబడతాను. నిలబడటానికి హాల్ టికెట్ అక్కర్లేదు.

ఆగస్టు 20, ఉదయం తొమ్మిదిన్నర, ప్రిన్సిపాల్ గది

పైన చెప్పినదంతా నా నోటి మాట. చదివి వినిపించగా విని వేలు వేశాను.

గంటమ్మ, ఎడమచేతి బొటనవేలు.

సాక్షులు:
కింది గది కాంపౌండరు.
నాలుగో వరుస టైలరమ్మాయి. ఆ ముద్రలు నావి కావు. సొంత సంతకం.