నా అరికాలు, నీ పిన్నీసు

వదినా,

నువ్వు లేకుండా ఈసారి శ్రీరామనవమికి ఏన్కూరు నుంచి భద్రాచలం నడిచాం. ఎప్పటిలాగే చెప్పుల్లేకుండానే. జూలూరుపాడు దాటాక ఎవరో చల్ల పోస్తుంటే, మీ స్వప్న అచ్చం నీలాగే రెండో గ్లాసు అడిగి తాగింది. నవ్వొచ్చింది.

పాల్వంచ అవతల తారు పెనంలా కాలుతుంటే, ఓర్చుకోలేక పక్కనున్న అడవి మట్టిలోకి దిగాను. అక్కడే ముల్లు గుచ్చుకుంది.

"ఏందత్తా, కుంటుతున్నవ్?" అంది స్వప్న.

"ఏం లేదు, నడువ్."

ఎంతసేపని దాస్తాను? నీ బిడ్డ నా పాదం ఒళ్లో పెట్టుకొని గోళ్లతో లాగింది. "అయ్యో, ఇరిగిందత్తా! సగం లోపల్నే ఉంది. ఆటో ఎక్కరాదు?"

"అవ్, ఎక్కుత! మీ అమ్మ ఉంటే ఊకుంటుండెనా?" అన్నాను గానీ, ఆ నిమిషాన ఆటో వస్తే ఎక్కేసేదాన్నే. రాలేదు.

మడమ మీద నడుస్తూ గోదావరి వంతెన చేరాను. ఏటా మనం నీ పిన్నీసుతో ఒకరి కాళ్లలో ముళ్లు ఒకరం తీసుకునే చోట అందరూ కూర్చున్నారు. నేను నిలబడే ఉన్నాను.

నువ్వు పోయిన రోజు దవాఖానాలో నర్సు నీ గాజులు తీసి నా చేతికిచ్చినప్పుడు వాటికి నీ పిన్నీసు ఉంది. దారిలో పోగొడతానేమోనని దాన్ని ఇంట్లోనే దాచి వెళ్లాను.

ఇంటికొచ్చాను, ఇప్పుడది చేతిలోనే ఉంది. స్వప్న వాళ్లింటికి వెళ్లిపోయింది. మోకాలు మడవడానికి రావడం లేదు. నా అరికాలు నాకు కనబడదు వదినా.