ఒక్కరికి ఒక్క బ్యాటరీ

సోమవారం, ఉదయం

అక్క మోకాలి ఆపరేషను వచ్చే సోమవారం ఖాయమైంది. ఖాయం అని రాయడానికి కలం జంకుతోంది. ఇప్పటికి రెండుసార్లు ఆసుపత్రిలో చేరి, బట్టలు మార్చుకోమనగానే చెప్పులేసుకుని ఇంటికి వచ్చేసిన మనిషి అది. ఇంట్లో గోడ పట్టుకుని నడుస్తుంది. గోడ లేనిచోట నడవదు. ఈసారి కూడా పారిపోతే వేరే డాక్టరును వెతుక్కోమని ఉన్న డాక్టరు చేతులెత్తి దణ్ణం పెట్టాడట.

అందుకని నాకు షరతు పెట్టింది. "ఆదివారం రాత్రి ఎనిమిదిలోగా కాగితం మీద సంతకం పెట్టాలట. దిగానే అని నువ్వు ఫోన్ చేస్తే పెడతా. చేయలేదనుకో, ట్యాక్సీ ఎక్కి ఇంటికి పోతా. తర్వాత నన్ననకు."

అక్క ఊరికి ఆదివారం మధ్యాహ్నం విమానానికి నాలుగు టిక్కెట్లు. మా ఆయన, నేను, అత్తయ్య, అమ్మాయి.

సోమవారం, సాయంత్రం

అమ్మాయి ఫోనులో వీడియో చూపించింది. విమానంలో తలమీది అరలో ఎవరిదో పవర్ బ్యాంకు అంటుకుంది. పొగ! కేకలు! చూసినప్పటి నుంచి ఇంట్లో ఛార్జరు దీపం వెలిగినా గుండె జారుతోంది. ఈ ఇంటి బ్యాటరీలకు పెద్ద దిక్కంటూ ఒకరుండాలి. ఎవరుంటారు, నేను కాక?

తీర్మానం. ఎర్ర సిరాతో.

ఒకటి. విమానంలోకి ఫోను కాక ఒక్కరికి ఒక్క బ్యాటరీ వస్తువు.
రెండు. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే. కింద సామాన్లలో పడేస్తే అక్కడ పొగ వచ్చినా చూసే దిక్కుండదు.
మూడు. ఉబ్బిన బ్యాటరీ మా గుమ్మం దాటదు.
నాలుగు. దేనిలోనూ ముప్పై శాతానికి మించి ఛార్జింగు ఉండకూడదు. నిండుగా ఉన్నదాని కంటే ఖాళీది నెమ్మదస్తురాలని ఎక్కడో చదివాను.

మినహాయింపులు లేవు. ప్రాణం ఎంత తేలిగ్గా ఉందో!

మంగళవారం

జనాభా లెక్కలు మొదలుపెట్టాను.

ఆయన సొరుగులో ఆరు పవర్ బ్యాంకులు. ఆఫీసులో మీటింగు పెట్టినప్పుడల్లా ఒకటి పంచుతారట. జీతం పెంచమని అడిగే రోజున మీటింగు పెడతారనుకుంటా. ఒకదాని మీద అక్షరాలన్నీ చెరిగిపోయాయి. ఎంత శక్తి గలదో, ఎవరు కన్నారో తెలియదు.

"ఏమిటోయ్ ఈ సోదాలు? వారెంటు ఉందా?" అన్నారు ఆయన.

"ఒక్కటి ఉంచుకోండి. మిగతావి వదిలేయండి."

"ఏది ఉంచుకోవాలి? ఒక్కోదానికీ ఒక్కో జ్ఞాపకం ఉంది."

పెళ్ళినాటి ఫోటో ఎక్కడుందంటే తెల్లమొహం వేసే మనిషికి పవర్ బ్యాంకుల జ్ఞాపకాలు.

అత్తయ్య దగ్గర: చెవి మిషను, టార్చి, కాళ్ళు పిసికే యంత్రం. అమ్మాయి దగ్గర: ల్యాప్‌టాప్, ట్యాబ్లెట్, చెవుల్లో పెట్టుకునేవి, చేతికి కట్టుకునేది, మొహానికి గాలి విసురుకునేది, మొహం మీద వెలుగు వేసుకునేది. ఆ మొహాన్ని నేను వట్టి చేతులతో పెంచాను.

బుధవారం

మినహాయింపు అనను. సర్దుబాటు అంటాను.

కాళ్ళు పిసికే యంత్రం ఇంట్లోనే ఉండాలని అత్తయ్యకు నచ్చజెప్పాను. ఆవిడ అంతా విని, రెండు కాళ్ళూ మంచం మీద బార చాపి, "సరేనమ్మాయ్. అక్కడ రోజూ పొద్దున ఓ అరగంట, సాయంత్రం ఓ అరగంట నువ్వు పిసికితే సరిపోతుంది" అన్నారు.

యంత్రం వస్తోంది.

అమ్మాయికి చదువు కోసం ల్యాప్‌టాప్, చదివిన అలసట తీర్చుకోవడానికి ట్యాబ్లెట్ ఒప్పుకున్నాను. ఆయన మూడు పవర్ బ్యాంకుల దగ్గర ఆగారు. ఆరడిగితే మూడు. అంటే సగానికి సగం తగ్గించినట్టే కదా! పనిచేసే పద్ధతి ఇదీ.

గురువారం

నా పాత ఫోను.

అందులో నేనూ అక్కా ఆడే పదాల ఆట ఉంది. అది ఒక పదం పెడితే నేనొకటి పెడతాను. ఎన్నో ఏళ్ళుగా నడుస్తోంది, నేనే ముందున్నాను. కొత్త ఫోనులోకి మార్చుకుంటే మళ్ళీ సున్నా నుంచి మొదలట. అక్కకు అంతకంటే ఏం కావాలి? అది మంచం మీద ఉన్నన్నాళ్ళూ చిత్తుగా ఓడిద్దామని ప్రత్యేకంగా బయటికి తీశాను.

వంటగది బండ మీద పెడితే ఉయ్యాలలా ఊగింది. వేలితో తిప్పితే బొంగరంలా తిరిగింది.

అమ్మాయి చూసింది. "అమ్మా, వీపు ఉబ్బిపోయిందే! నీ మూడో నియమం?"

"ఉబ్బలేదు. కొంచెం ఒళ్ళు చేసింది. ఈ వయసులో ఎవరు చేయరు?"

"బ్యాటరీ ఒళ్ళు చేయడమే ఉబ్బడమంటే."

"చదువు చెప్పించింది నాతో వాదించడానికి కాదు."

నియమం చదివి చూశాను. ఉబ్బిన బ్యాటరీ అనే ఉంది. ఒళ్ళు చేసినదాని ఊసే లేదు. నా రాతలో ఎప్పుడూ స్పష్టత ఉంటుంది.

శనివారం

సర్దడం పూర్తి!

బ్యాటరీలన్నీ ఒకే చిన్న చక్రాల పెట్టెలో. ప్రతిదాని మొనల మీదా టేపు, టేపు మీద గుడ్డ, గుడ్డ మీద ప్లాస్టిక్ సంచి, సంచికి రబ్బరు బ్యాండు, పైన చీటీ. ఒళ్ళు చేసినదానికి రెండు తువ్వాళ్ళు.

"అన్నీ ఒక్కచోట పెడితే ఎలాగోయ్? ఒకటి అంటుకుంటే పక్కదానికీ అంటుకోదూ?" అన్నారు ఆయన.

"మీరు మీ పెద్ద సూట్‌కేసు సంగతి చూసుకోండి చాలు."

సాయంత్రం నాలుగో నియమం అమలు. టార్చి వెలిగించి, గాలిమర తిప్పి, అత్తయ్య కాళ్ళు పిసికించి, అన్నిటినీ ముప్పై శాతానికి దించాను. పవర్ బ్యాంకులు దించడానికి ఫోన్లు ఎక్కించాను. ఫోన్లు దించడానికి పాటలు పెట్టాను. ఇల్లంతా పెళ్ళివారిల్లులా మోగింది.

"ఫోన్లు కూడానా అమ్మా?"

"ఫోనులో ఉన్నది బ్యాటరీ కాక బఠాణీలా?"

రేపు ఉదయం కూడా ఎవరూ ఛార్జింగు పెట్టకుండా ఛార్జర్లు నా దగ్గరే దాచాను.

ఆదివారం, విమానంలో

ఒళ్ళో చోటు లేక డైరీని కిటికీకి ఆనించి రాస్తున్నాను.

తనిఖీ దగ్గర నా పెట్టె తెరిచారు. అక్కడి అతను ఒక్కో మూట తీసి చూసి, "అమ్మా, వెళ్ళినచోట కొట్టు పెడుతున్నారా?" అన్నాడు. పద్ధతి గల మనిషిని ఇంతకుముందు చూసి ఉండడు. తువ్వాళ్ళ మూట దాకా రాకముందే విసుగొచ్చి పొమ్మన్నాడు. నాకు సంతోషం వేసింది. అలా వేసినందుకు కొంచెం భయం కూడా వేసింది.

అసలు గొడవ విమానం తలుపు దగ్గర. అత్తయ్యనూ అమ్మాయినీ ముందే లోపల కూర్చోబెట్టారు. నేనూ ఆయనా వరసలో వెనకబడ్డాం. మా అమ్మాయి ఈడు పిల్ల, మెడలో రుమాలు, చేతులు అడ్డం పెట్టింది.

"పైన అరలు నిండిపోయాయి మేడమ్. ఈ పెట్టె కిందికి పంపిస్తాం. ఇందులో బ్యాటరీలు, పవర్ బ్యాంకులు ఏమైనా ఉంటే తీసేసుకోండి."

"ఇందులో అవి తప్ప ఇంకేం లేవమ్మా."

ఆ పిల్ల నవ్వింది. నేను నవ్వలేదని చూసి ఆపేసింది.

గొట్టం లాంటి ఆ దారిలో మోకాళ్ళ మీద కూర్చుని విప్పాను. రబ్బరు బ్యాండు, సంచి, గుడ్డ, టేపు. వెనక జనం. ఎవరో ముసలాయన "నిధి ఏమైనా దొరికిందా అమ్మా?" అంటున్నాడు. విప్పక్కర్లేదు, మూటలు మూటలుగానే తీసుకుంటే చాలని ఆ పిల్ల చెప్పేసరికి సగం విప్పేశాను. చివరికి తువ్వాళ్ళు జారాయి.

ఆ పిల్ల మొహంలో నవ్వు పోయింది. "ఇది ఉబ్బింది మేడమ్. ఇది కిందికీ వెళ్ళకూడదు, లోపలికీ రాకూడదు."

"ఒళ్ళు చేసింది, అంతే."

"ఇక్కడ ఇచ్చేయాలి."

"ఇందులో మా అక్కతో ఆట ఉంది. నేను ముందున్నాను."

ఇంత మాట పైకి ఎలా అన్నానో తెలియదు. ఆయన వెనక నుంచి నా భుజం మీద చెయ్యి వేశారు. "ఇదిగో చూడు. తలుపు వేసేస్తారు. మీ అక్క కాగితం ముందు కూర్చుని ఉంటుంది."

ఇచ్చేశాను. ఆ పిల్ల దాన్ని రెండు చేతులతో, దూరంగా పట్టుకుని తీసుకెళ్ళింది. ఇలాంటిదాన్ని తలకింద పెట్టుకుని పడుకునేదాన్ని నేను.

మిగతావన్నీ ఇప్పుడు నా శాలువాలో, నా ఒళ్ళో. కదలడానికి భయం, కునుకు తీయడానికి భయం. అత్తయ్య మాత్రం, "హాయిగా కూర్చున్నావమ్మాయ్, నా కాళ్ళ యంత్రం కాస్త ఇటివ్వు" అంటున్నారు.

విమానం గంట ఆలస్యంగా లేచింది. అది మా వల్ల కాదు. అందులో పది నిమిషాలే మా వల్ల.

ఆదివారం, రాత్రి

దిగేసరికి ఏడుంపావు దాటింది. ఆసుపత్రికి గంట దారి. అక్కకు ఫోన్ చేయబోతే నా ఫోను నల్లగా ఉంది.

ఆయనది? దారంతా చదరంగం ఆడారు. నల్లగా ఉంది. అమ్మాయిది? పాటలు వింది. ల్యాప్‌టాప్? సినిమా చూసింది. అత్తయ్య మామూలు ఫోను? "నువ్వే కదమ్మా నిన్న టార్చి వెలిగించి చంపావు." పవర్ బ్యాంకులు మూడూ నొక్కాను. ఒకటి ఒక్కసారి మిణుకుమని నా వైపు చూసి కన్నుమూసింది. అది ముప్పై శాతం కాదు. ముప్పై శాతమని నేను అనుకున్నది. లెక్కలో పొరపాటు నాకు రాదని అనుకోవడం కూడా అలాంటిదే.

గోడ దగ్గర ఛార్జింగు పెట్టుకునే చోటు ఒక్కటే. దాని మీద "పనిచేయదు" అన్న కాగితం, ఆ కాగితం కూడా పాతది.

ఎవరినైనా ఫోను అడుగుదామంటే నంబరు కావాలి కదా. అక్క నంబరు నాకు కంఠతా వచ్చనుకున్నాను. గడగడా చెప్పాను. పక్కనున్నావిడ పాపం నొక్కి ఇచ్చింది. "ఈ నంబరు మనుగడలో లేదు." అక్క పెళ్ళికి ముందు మా ఇంటి నంబరు అది.

ఏడున్నర. ఒకచోట కూర్చుని ఏడవడానికి కూడా ఒళ్ళో బ్యాటరీలు అడ్డం. వారం రోజులు ఇంటిల్లిపాదినీ కాల్చుకు తిని, చివరికి అక్క చెప్పులేసుకుని వెళ్ళిపోయేలా చేస్తున్నాను. ఇక జీవితాంతం గోడ పట్టుకుని నడుస్తుంది. ఆ గోడ నేనే కట్టినట్టు అనిపించింది.

అప్పుడు పెద్ద సూట్‌కేసు వచ్చింది. ఆయన దాన్ని తీసుకుని, నా వైపు చూడకుండా, ఒక మూలకు వెళ్ళి తెరిచారు. బూటు తీశారు. బూటులోంచి మేజోడు. మేజోడులోంచి పవర్ బ్యాంకు. అక్షరాలు చెరిగిపోయినది. నిండా ఛార్జింగుతో, నాలుగు నీలం దీపాలు వెలిగించుకుని.

కింద సామాన్లలో! మా కాళ్ళ కింద, ఎవరూ చూడని చోట, పుట్టుపూర్వోత్తరాలు తెలియని ఆ పెద్దమనిషి మేజోడులో పడుకుని మాతో పాటు ఎగిరొచ్చాడు. నేనేమో పైన కూర్చుని శాలువాలో మూటలకు కాపలా.

"ఇదొక్కటీ... అవసరానికని..." అన్నారు ఆయన.

నేను తిట్టలేదు. ముందు ఫోను తగిలించాను. తర్వాత తిట్టాను.

ఎనిమిదికి ఆరు నిమిషాలు ఉందనగా అక్క ఫోను ఎత్తింది.

"దిగానే."

"చెప్పులు వేసుకున్నానే. ఒక కాలికి" అంది.

"తీసెయ్."

"తీసేస్తున్నా. ఏడుస్తున్నావేంటి? కోసేది నా మోకాలు."

సోమవారం

లోపలికి తీసుకెళ్తుంటే అక్క నా చెయ్యి వదలకుండా, "ఇంకో పది నిమిషాలు నువ్వు ఆగి ఉంటే ఈపాటికి ఇంట్లో కాఫీ తాగుతూ ఉండేదాన్ని. నిన్న నీ ఫోనుకి ఛార్జింగు పెట్టిన మహానుభావుడెవరే?" అని అడిగింది.

చూపించాను. ఆయన కిటికీలోంచి ఆకాశం చూస్తున్నారు.

మధ్యాహ్నానికి అయిపోయింది. బాగా జరిగిందన్నాడు డాక్టరు. మా ఆయనను ఇంకా క్షమించలేదు. కాఫీలో మాత్రం చక్కెర సరిగ్గానే వేశాను.

శుక్రవారం

అక్క గోడ లేనిచోట నాలుగడుగులు వేసింది! వేసి, నర్సును తిట్టి, కూర్చుంది. డాక్టరు ఒప్పుకోగానే కొన్నాళ్ళు మా ఇంట్లో ఉంటానంది. నేను కూడా అప్పటిదాకా ఇక్కడే ఉండి, వెంటబెట్టుకుని విమానంలో తీసుకెళ్తాను. మిగతా ముగ్గురూ రేపు బయల్దేరుతున్నారు.

అందుకే ఈ రాత్రి కొత్త పేజీ తీశాను. ఈసారి ఆవేశం లేదు. విమానం వాళ్ళ నియమాలు రెండుసార్లు చదివాను, ఫోన్ చేసి కూడా అడిగాను. పద్ధతిగా, మొదటి నుంచి.

రాస్తుండగా తలుపు దగ్గర ఏదో గుయ్యిమంది. అక్క. కూర్చుని నడిపే చక్రాల కుర్చీ, చేతి కింద మీట, సీటు కింద ఇంత లావు బ్యాటరీ. అద్దెకు కాదట, కొనేసిందట.

"ఎలా ఉందే? వరండాలో నర్సు పక్కకి గెంతింది! ఇది లేకుండా నేను విమానం ఎక్కను. ముందే చెప్తున్నా, తర్వాత నన్ననకు."

తీర్మానం. ఎర్ర సిరాతో.

ఒకటి. విమానంలోకి ఫోను కాక ఒక్కరికి ఒక్క బ్యాటరీ వస్తువు. మినహాయింపులు లేవు. అక్క లెక్కలోకి రాదు, అది పేషెంటు.